పటాలంలో జవాను నాయకత్వం, శిక్షణ, చొరవ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి పాలమూరు జిల్లాల నుంచి సైన్యంలో చేరబోతున్న, ఇప్పటికే చేరిన పిల్లల కోసం, వాళ్ల ఇంటివాళ్ల కోసం రాసిన పేజీ ఇది. భర్తీ ఎలా కొట్టాలో చెప్పేవాళ్లు ఊరూరా ఉన్నారు. చేరాక నలుగురిని నడిపే మనిషిగా ఎలా ఎదగాలో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు దానికే ఇచ్చాం.

హుకుం ఇచ్చేది ఆఫీసర్, పాటించేది జవాను. మరి జవానుకు నాయకత్వంతో పనేముంది?

ఉంది, మొదటి రోజు నుంచే ఉంది. ఇన్‌ఫాంట్రీ (పదాతి దళం) బెటాలియన్‌లో సుమారు 800 మంది ఉంటే అందులో ఆఫీసర్లు కొద్దిమందే. రాత్రిపూట గుట్ట మీద పది మంది పికెట్ (ముందు కాపలా చౌకీ) కాస్తున్నప్పుడు వాళ్ల మధ్య ఆఫీసర్ ఉండడు, ఒక హవల్దారో నాయకో ఉంటాడు. అతనికి తూటా తగిలితే ఆ క్షణం నుంచి పక్కవాడే కమాండర్. అప్పుడు నేర్చుకుందామంటే వ్యవధి ఉండదు.

ఇప్పటివరకు పరమవీర చక్ర అందుకున్నవాళ్లు 21 మంది. వాళ్లలో 9 మంది ఆఫీసర్లు కారు. జేసీఓలు (సుబేదార్ వరసవాళ్లు), ఎన్‌సీఓలు (లాన్స్ నాయక్ నుంచి హవల్దార్ దాకా), మామూలు జవాన్లు. 1948 ఫిబ్రవరి 6న జమ్మూకశ్మీర్‌లోని తైంధార్ దగ్గర నాయక్ జదునాథ్ సింగ్ తొమ్మిది మందితో ముందు పికెట్ కాచాడు. తొలి దాడిలోనే నలుగురు గాయపడ్డారు. మిగిలినవాళ్లను మళ్లీ సర్ది నిలబెట్టి, తర్వాతి దాడికి వాళ్లను సిద్ధం చేశాడు. ఆయన ధైర్యం గురించి అందరూ చెబుతారు. జవాను నేర్చుకోవాల్సింది మాత్రం ఆ సర్ది నిలబెట్టడం గురించి.

మన దగ్గరి సంగతే చూడండి. 2020 జూన్ 15న గల్వాన్‌లో నేలకొరిగిన కల్నల్ సంతోష్ బాబు సూర్యాపేట బిడ్డ, 16 బిహార్ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్. ఆయనకు మహావీర చక్ర వచ్చింది. అదే పోరుకు వీర చక్ర వచ్చిన ఐదుగురిలో ఒకరు నాయబ్ సుబేదార్, ఇద్దరు హవల్దార్లు, ఒకరు నాయక్, ఒకరు సిపాయి. కమాండింగ్ ఆఫీసర్ పడిపోయాక కూడా పోరు ఆగలేదంటే ఆ కింది వరసల వల్లే.

ఎవరి పని ఏంటి? ర్యాంకులు కొంచెం విడమర్చి చెప్పండి.

సిపాయి, లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్ ఒక వరస. నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్ ఆ పై వరస, వాళ్లను జేసీఓలు అంటారు. సెక్షన్‌లో పది మంది ఉంటారు. హవల్దారో నాయకో సెక్షన్ కమాండర్, అతని వెనక టూఐసీ (రెండో కమాండర్). మిగతావాళ్లు రైఫిల్ గ్రూపు, ఎల్‌ఎంజీ (లైట్ మెషిన్ గన్) గ్రూపుగా పని పంచుకుంటారు. మూడు సెక్షన్లు ఒక ప్లటూన్. దాన్ని జేసీఓ గానీ కొత్తగా వచ్చిన ఆఫీసర్ గానీ నడుపుతారు. మూడు ప్లటూన్లకు ఒక కంపెనీ.

కంపెనీలో ఇద్దరు హవల్దార్లను బాగా గమనించండి. డ్యూటీలు వేసేది, క్రమశిక్షణ చూసేది కంపెనీ హవల్దార్ మేజర్. రేషన్, బట్టలు, స్టోర్ చూసేది క్వార్టర్ మాస్టర్ హవల్దార్. కంపెనీ సాఫీగా నడుస్తోందంటే ఈ ఇద్దరూ గట్టివాళ్లని అర్థం. జేసీఓలను 'సాబ్' అని, ఆఫీసర్లను 'సర్' అని, శిక్షణ ఇచ్చేవాళ్లను 'ఉస్తాద్' అని పిలవడం ఆనవాయితీ.

ట్రైనింగ్ సెంటర్‌లో కొత్త పిల్లగాడికి నాయకత్వం చూపే అవకాశం ఎక్కడ వస్తుంది?

స్క్వాడ్ (కలిసి శిక్షణ పొందే జట్టు) సీనియర్ పనిలో వస్తుంది. ఉస్తాద్ వంతులవారీగా ఒక్కొక్కరికి ఆ పని అప్పగిస్తాడు. చిన్న పనిలా కనబడుతుంది గానీ చాలామంది తడబడేది ఇక్కడే.

గిన్తీ (తలల లెక్క) చూడండి. స్క్వాడ్ మొత్తం 40 మంది అనుకుందాం. హాజరు 35, ఎంఐ రూమ్‌లో (వైద్యం గదిలో) 2, గార్డు మీద 2, లంగర్ ఫటీగ్‌లో (వంటశాల పనిలో) 1. కలిపితే 40 రావాలి. కొత్తవాడు ఎదురుగా ఉన్న తలలు లెక్కపెట్టి '35 హాజర్' అని ఊరుకుంటాడు. మిగతా ఐదుగురు ఎక్కడున్నారని అడిగితే నీళ్లు నములుతాడు. సరైన పద్ధతి ఏంటంటే, రాత్రి రోల్ కాల్ అయిన వెంటనే మర్నాటి డ్యూటీలు చిన్న డైరీలో రాసుకోవాలి. పొద్దున ఫాలిన్‌కు (వరసలో నిలబడడానికి) పది నిమిషాల ముందే బ్యారక్‌లో ఒక చుట్టు తిరగాలి. జ్వరంతో పడుకున్నవాడు అప్పుడే తెలుస్తాడు, గ్రౌండ్‌లోకి పోయాక తెలిసి లాభం లేదు.

రెండోది సామాను. రేపు ఫైరింగ్ ఉందంటే వాటర్ బాటిల్, కిట్, బూట్లు ఎవరివి సరిగా లేవో ఈ రాత్రే చూడాలి. 'అందరూ రెడీయేనా?' అని బ్యారక్ మధ్యలో నిలబడి అరిస్తే అందరూ 'హా' అనే అంటారు. ఒక్కొక్కరి మంచం దగ్గరికి పోయి వస్తువు చూపించమనాలి. అడగడం వేరు, చూడడం వేరు.

మూడోది, వెనకబడినవాడు. ప్రతి స్క్వాడ్‌లో తాడు ఎక్కలేనివాడు ఒకడు, డ్రిల్‌లో అడుగు తప్పేవాడు ఒకడు ఉంటారు. స్క్వాడ్‌కు సజా పడేది చాలావరకు వాళ్ల వల్లే. వాళ్లను తిట్టే సీనియర్‌ను ఉస్తాద్ గమనిస్తాడు. సాయంత్రం గేమ్స్ తర్వాత పదిహేను నిమిషాలు వాళ్లతో తాడు దగ్గర నిలబడేవాడినీ గమనిస్తాడు.

మాకు హిందీ సరిగా రాదు. దీనివల్ల వెనకబడిపోతామా?

మొదటి ఒకట్రెండు నెలలు ఇబ్బంది తప్పదు. ఆ తర్వాత కూడా వెనకబడితే అది మాట్లాడకపోవడం వల్లే. తెలుగువాళ్లంతా ఒక మూల చేరి తెలుగులోనే కాలం గడిపేస్తే ఏడాదైనా నోరు తిరగదు.

పాలమూరు, నల్లగొండ పిల్లలకు ఒక వెసులుబాటు ఉంది. మన మాటల్లోనే హుకుం, సజా, హాజరు, బందోబస్తు, తయారు, ఖాళీ లాంటివి బోలెడున్నాయి. బజార్లో వినే దక్కనీ ఉర్దూ చెవికి అలవాటే. సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్, పీఛే ముడ్, తేజ్ చల్, థమ్ వంటి డ్రిల్ మాటలు వారంలో వచ్చేస్తాయి. అసలు కష్టం వాటితో కాదు, రిపోర్టు ఇవ్వడంతో. చూసింది చూసినట్టు నాలుగు వాక్యాల్లో చెప్పడం రోజూ సాధన చేయాలి. పడుకునే ముందు ఆ రోజు జరిగిన ఒక సంగతిని పక్క మంచం మీది ఉత్తరాది కుర్రాడికి హిందీలో చెప్పండి, తప్పులు దిద్దమనండి. వాడికీ మీరేంటో తెలుస్తుంది. వ్యాకరణం తప్పినా పర్వాలేదు గానీ గొంతు నూతిలోంచి రాకూడదు. లోపలికి మింగిన కమాండ్‌కు స్క్వాడ్ కదలదు.

చొరవ తీసుకో అంటారు, మళ్లీ చెప్పింది మాత్రమే చెయ్ అంటారు. ఏది నిజం?

రెండూ నిజమే. ప్రతి హుకుంలో రెండు ముక్కలుంటాయి, చేయాల్సిన పని ఒకటి, దాని వెనకున్న మక్సద్ (ఉద్దేశం) ఇంకొకటి. పరిస్థితి మారినప్పుడు మక్సద్ నిలబెట్టడానికి దారి మార్చుకోవడమే చొరవ. మక్సద్‌నే మార్చేస్తే అది హుకుం ధిక్కారం.

ఉదాహరణకు, 'తెల్లారి ఆరు కల్లా ముందు పోస్టుకు నీళ్లు చేర్చు, ఈ తోవనే పో' అన్నారు. సగం దూరంలో కొండచరియ విరిగి తోవ మూసుకుపోయింది. అక్కడే కూర్చుని రేడియోలో 'తోవ బంద్' అని చెప్పి ఊరుకునేవాడు తప్పేమీ చేయలేదు, కానీ నీళ్లు చేరలేదు. ఇంకొకడు పక్క ఒర్రెలోంచి దారి ఉంది కదా అని ఎవరికీ చెప్పకుండా దిగిపోతాడు. అటు మైన్లు ఉండొచ్చు, ఇంకో యూనిట్ ఆంబుష్ (మాటు) వేసి ఉండొచ్చు. మూడోవాడు ఆగి, చుట్టూ చూసి, 'తోవ మూసుకుంది, ఫలానా దారిన పోతే ఏడు అవుతుంది, అనుమతి కావాలి, ఈలోగా క్యాన్లు దించి మోయడానికి జోడీలు కడుతున్నా' అంటాడు. అడుగుతూనే పని సగం నడిపించాడు. మనకు కావలసింది ఈ మూడోవాడు.

రేడియో అందకపోతే? అప్పుడు మక్సద్‌ను బట్టి సొంతంగా నిర్ణయించాలి, అందిన మరుక్షణం చెప్పాలి. ఆ రిపోర్టులో ఏం చూశాను, ఎక్కడ, ఎప్పుడు, నేనేం చేశాను, నాకేం కావాలి అన్న ఐదూ ఉండాలి. చాలామంది మొదటి మూడు చెప్పి ఆగిపోతారు.

సొంత తెలివి అసలు పనికిరాని చోట్లు కొన్నున్నాయి. ఫైరింగ్ రేంజ్ మీద సేఫ్టీ నియమాలు, కాల్పులు ఎప్పుడు మొదలుపెట్టాలన్న హుకుం, పెట్రోల్‌కు గీసిచ్చిన హద్దు, పాస్‌వర్డు. సెంట్రీ (కాపలా జవాను) 'థమ్! కౌన్ ఆతా హై?' అని అడగాల్సిందే, వచ్చేది రోజూ కనబడే హవల్దార్ సాబే అయినా సరే. తెలిసిన ముఖమే కదా అని వదిలేయడం చొరవ కాదు, నిర్లక్ష్యం.

చొరవకు పెట్టుబడి ముందే పెట్టుకోవాలి. తన పనితో పాటు పైవాడి పనీ, పక్కవాడి ఆయుధమూ తెలిసి ఉండాలి. 1965 సెప్టెంబర్‌లో పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ దగ్గర పాకిస్తాన్ పాటన్ ట్యాంకులను ఛేదించిన 4 గ్రెనేడియర్స్ అబ్దుల్ హమీద్ అప్పటికి కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్, అంటే స్టోర్ చూసే మనిషి. రికాయిల్‌లెస్ గన్ (ట్యాంకులను కొట్టే గన్ను) పని ఆయన అంతకుముందే నేర్చి ఉన్నాడు కాబట్టే ఆ రోజు గన్ను ఆయన చేతిలో పలికింది.

సెక్షన్ కమాండర్ ఆర్డర్ ఎలా ఇవ్వాలి? దానికి ఒక వరస ఉందా?

ఉంది, ఆరు మెట్లు. మొదట నేల, ఎక్కడున్నాం, ఎదురుగా ఏముంది. తర్వాత పరిస్థితి, శత్రువు ఎంత, మనవాళ్లు ఎక్కడ. మూడోది మక్సద్. దీన్ని ఒకే వాక్యంలో చెప్పి, అదే వాక్యాన్ని రెండోసారి చెప్పాలి. నాలుగోది అమలు, ఎవరు ఏ దారిన, ఏ సమయానికి, ఏ పని. ఐదోది బందోబస్తు, తూటాలు, నీళ్లు, తిండి, గాయపడినవాడిని ఎటు తేవాలి. ఆరోది కమాండ్, సిగ్నల్. నేను ఎక్కడుంటాను, నా తర్వాత ఎవరు, ఇషారా (సైగ) ఏంటి.

ఈ వరస బట్టీ పట్టినవాళ్లు కూడా ఎక్కువగా జారిపోయేది ఐదు, ఆరు దగ్గర. అమలు చెప్పేసరికి ఊపు తగ్గి 'మిగతావి మామూలే' అంటారు. నిజంగా కాల్పులు మొదలైనప్పుడు అక్కరకొచ్చేవి ఆ మామూలువే. 'నాకేమైనా అయితే ఫలానావాడు' అన్న ముక్క వదిలేస్తే సెక్షన్ చెల్లాచెదురవుతుంది.

ఆర్డర్ ఇచ్చేముందు సాండ్ మోడల్ చేయడం అలవాటు చేసుకోండి. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు నేల చదును చేసి, తడి మట్టితో గుట్టలు, వేలితో గీసి ఒర్రెలు పెట్టాలి. బూడిద చల్లితే బాట, ముగ్గుపిండితే తారు రోడ్డు, తుమ్మ రెమ్మలు గుచ్చితే అడవి, అగ్గిపెట్టెలైతే ఇళ్లు. మధ్యలో దారాలు కట్టి గళ్లు చేసి, ఒక్కో గడి నేల మీద ఎంత దూరమో చెప్పాలి. అన్నిటికంటే ముందు కంపాస్ పెట్టి ఉత్తరం బాణం గీయాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. మోడల్‌ను తమకు అనువైన దిక్కుకు తిప్పి చేస్తారు. అప్పుడు మోడల్ మీద ఎడమ అన్నది నేల మీద కుడి అవుతుంది, చీకట్లో సెక్షన్ తప్పు ఒర్రెలో దిగుతుంది. మోడల్ ఉత్తరం నిజమైన ఉత్తరానికే ఉండాలి, చూసేవాళ్లు తాము ముందుకు పోయే దిక్కుకే ముఖం పెట్టి నిలబడాలి.

ఆర్డర్ అయ్యాక 'అర్థమైందా?' అని అడగొద్దు. అందరికంటే తక్కువ మాట్లాడేవాడిని ఎంచుకుని 'నువ్వు ఏ దారిన పోతావు? ఇషారా ఏంటి?' అని అడగండి. వాడు చెప్పగలిగితే అందరికీ అర్థమైనట్టే. ఇంకో మాట, ఉన్న సమయంలో మూడో వంతుకు మించి తన ఆలోచనకే ఖర్చు పెట్టుకోకూడదు. కమాండర్ ప్లాన్ అద్భుతంగా తయారై, జవాన్లకు మేగజీన్ నింపుకునే టైమ్ దొరకకపోతే ఆ ప్లాన్ దండగ.

ఫైర్ ఆర్డర్ సంగతి?

దానికి నాలుగే ముక్కలు. ఎవరు, ఎంత దూరం, ఎక్కడ, ఎలాంటి ఫైర్. 'ఎల్‌ఎంజీ గ్రూపు, 300, అర్ధ కుడి, ఒంటరి తాటిచెట్టు మొదలు, రాపిడ్ ఫైర్' అంటే సరిపోయింది. గురి గుర్తుపట్టడం కష్టమైతే పక్కనున్న పెద్ద గుర్తును చెప్పి గడియారం లెక్కలో 'మూడు గంటల వైపు' అనాలి. వరస మార్చొద్దు. దూరం ముందు చెబితే జవాను సైట్ (తుపాకీ మీద గురి చూసే భాగం) సర్దుకుంటూ గురి వెతుకుతాడు. గురి ముందు చెబితే చూసిన గురి వదిలి తల దించి సైట్ సర్దాలి, మళ్లీ తలెత్తేసరికి గురి ఉండదు.

దూరం అంచనా వేయడం ఎలా నేర్చుకోవాలి?

వంద మీటర్లను కంటిలో ముద్ర వేసుకోండి. క్రికెట్ పిచ్ వికెట్ల మధ్య 20 మీటర్లకు కొంచెం ఎక్కువ, అలాంటివి ఐదు పేర్చినంత. ఈ కొలత 400 మీటర్ల దాకా బాగా పనిచేస్తుంది. అంతకు మించితే సగం దూరంలో ఒక గుర్తు చూసుకుని, అక్కడికెంతో లెక్కగట్టి రెట్టింపు చేయాలి. ఇంకో పద్ధతిలో 'ఎంత ఎక్కువన్నా 800, ఎంత తక్కువన్నా 400' అనుకుని మధ్యది 600 తీసుకుంటారు. సెక్షన్‌లో అందరినీ అడిగి సగటు తీయడం మరీ మంచిది.

కన్ను మోసం చేసే సందర్భాలున్నాయి. ఎండ మన వెనక నుంచి గురి మీద పడితే అది దగ్గరగా కనబడుతుంది. మసక వెలుతురులో, వెనకున్న రంగులో కలిసిపోతే దూరంగా కనబడుతుంది. మధ్యలో కనబడని లోయ ఉంటే దూరం తక్కువ అనిపిస్తుంది. మన బండరాళ్ల గుట్టల్లో వేసవి మధ్యాహ్నం ఎండమావులు కూడా తోడవుతాయి. అందుకే ఒకే గురిని పొద్దున, మధ్యాహ్నం, సందెవేళ చూసి అంచనా రాసుకుని, తర్వాత అడుగులతో కొలవండి.

నిన్నటిదాకా ఒకే కంచంలో తిన్నవాళ్లం. ఇవాళ నాకు స్ట్రైప్ (చేతి మీది ర్యాంకు పట్టీ) వచ్చింది. వాళ్లకు హుకుం ఎలా ఇవ్వాలి?

లాన్స్ నాయక్ అయిన మొదటి నెల అందరికీ కష్టమైనదే. రెండు రకాలుగా చెడిపోతారు. ఒకరు స్నేహం పోతుందని డ్యూటీల్లో దోస్తులను తప్పిస్తారు. ఇంకొకరు స్నేహం కనబడకూడదని దోస్తుల మీదే ఎక్కువ విరుచుకుపడతారు. రెండింటికీ ఒకటే మందు. డ్యూటీ చార్టు అందరికీ కనబడేలా గోడకు పెట్టండి, అర్ధరాత్రి రెండు నుంచి నాలుగు సెంట్రీ వంతులో మీ పేరు కూడా వేసుకోండి. లంగర్‌లో మీ సెక్షన్ పిల్లలు తిన్నాకే ప్లేటు పట్టండి.

తప్పు చేసినవాడిని పక్కకు పిలిచి చెప్పాలి, బాగా చేసినవాడిని పది మందిలో చెప్పాలి. చేయి చేసుకోవడం మాత్రం కుదరదు. కింది ర్యాంకు మనిషిని కొట్టినా, హింసించినా సైనిక చట్టం 1950లోని 47వ సెక్షన్ కింద నేరం. అదీగాక దెబ్బతో పని చేయించుకునే కమాండర్ పక్కన లేనప్పుడు సెక్షన్ పని చేయదు.

సెక్షన్‌లోవాళ్ల ఇంటి సంగతులు కమాండర్‌కు ఎందుకు?

సెంట్రీ పోస్టులో ఉన్నవాడి మనసు ఊళ్లో ఉంటే ప్రమాదం అందరికీ. మన ప్రాంతం జవాన్లను ఎక్కువగా కుంగదీసేవి ఏమిటో మనకు తెలుసు. పాసుపుస్తకంలో పేరు పడకపోవడం, అన్నదమ్ముల గట్టు పంచాయితీ, బోరు అప్పులు, చెల్లి పెళ్లి. ప్రతివాడి గురించి ఒక పేజీ రాసి పెట్టుకోండి. ఇంట్లో ఎవరెవరు, ఎవరికి బాగాలేదు, చివరి సెలవు ఎప్పుడు, బాకీ ఏమైనా ఉందా. ఎప్పుడూ నవ్వేవాడు మౌనంగా ఉంటే, ఫోన్ మాట్లాడాక తిండి మానేస్తే, తన వస్తువులు పంచిపెడుతుంటే ఆ రోజే సాబ్‌కు చెప్పాలి. రేపు చూద్దామని వదలకూడదు.

భూమి తగాదా ఉంటే జవాను సెలవు పెట్టి ఆఫీసుల చుట్టూ తిరగడం కంటే ముందు యూనిట్‌లో అర్జీ ఇవ్వాలి. కమాండింగ్ ఆఫీసర్ తరఫున కలెక్టర్‌కు ఉత్తరం పోతుంది. ఇంటివాళ్లు దాని నకలు పట్టుకుని సైనిక సంక్షేమ కార్యాలయంలో కలిస్తే పని కదులుతుంది. సర్వే నంబరు, ఖాతా నంబరు, ఊరు, మండలం స్పష్టంగా రాయని అర్జీలే ఎక్కువగా తిరిగొస్తాయి.

పైవాడు తప్పుడు హుకుం ఇస్తే ఏం చేయాలి?

పాటించాల్సింది న్యాయబద్ధమైన హుకుం. సైనిక చట్టం 41వ సెక్షన్ చెప్పేది కూడా అదే. కానీ నచ్చని హుకుం వేరు, చట్టవిరుద్ధమైన హుకుం వేరు. ఎండలో మళ్లీ ఓ చుట్టు పరుగెత్తమనడం నచ్చకపోవచ్చు, అది పాటించాలి. పట్టుబడినవాడిని కొట్టమనడం, దొంగ లెక్క రాయమనడం పాటించకూడదు. మెరుగైన దారి తెలిస్తే హుకుం ఖరారు కాకముందు ఒక్కసారి మర్యాదగా చెప్పండి. ఖరారయ్యాక ఆ ప్లాన్ మీదే అనుకుని చేయండి. అన్యాయం జరిగిందనిపిస్తే అర్జీ రిపోర్టు ఉంది, 26వ సెక్షన్ కింద కంపెనీ కమాండర్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు. ఆయన మీదే ఫిర్యాదైతే కమాండింగ్ ఆఫీసర్‌కు. ఫేస్‌బుక్ వీడియో మాత్రం దారి కాదు, న్యాయం మీ వైపున్నా కేసు మీ మీదే పడుతుంది.

ప్రమోషన్ దేని మీద ఆధారపడుతుంది?

ఖాళీ, సీనియారిటీ, ప్రమోషన్ కాడర్ (ప్రమోషన్‌కు ముందు పెట్టే కోర్సు, పరీక్ష) పాసవడం, మెడికల్ కేటగిరీ, క్రమశిక్షణ. కాడర్‌లో డ్రిల్, ఆయుధాలు, మ్యాప్ రీడింగ్, ఆర్డర్ ఇవ్వడం, క్లాసు చెప్పడం అన్నీ చూస్తారు. మనవాళ్లు ఫిజికల్‌లో ముందుండి మ్యాప్ రీడింగ్‌లో, క్లాసు చెప్పడంలో మార్కులు పోగొట్టుకుంటారు. రెడ్ ఇంక్ ఎంట్రీ (రికార్డులో శిక్ష నమోదు) పడితే ఏళ్ల తరబడి వెంటాడుతుంది. సెలవు నుంచి ఆలస్యంగా రావడమే దానికి మామూలు కారణం. సికింద్రాబాద్‌లో రైలు తప్పిపోతుందేమో అన్నంత దగ్గరగా ప్రయాణం పెట్టుకోకండి.

కోర్సులకు పేరు అడిగితే వెనకాడొద్దు. బెళగావిలో ఇన్‌ఫాంట్రీ స్కూల్ జూనియర్ లీడర్స్ వింగ్, బరేలీలో జూనియర్ లీడర్స్ అకాడమీ, మిజోరంలోని వైరెంగ్టేలో జంగిల్ వార్‌ఫేర్ స్కూలు ఇలాంటివే. మంచి గ్రేడింగ్‌తో తిరిగొస్తే యూనిట్‌లో మిమ్మల్నే ఉస్తాద్‌గా నిలబెడతారు. నేర్పేటప్పుడే విద్య గట్టిపడుతుంది.

అగ్నివీరుకు నాలుగేళ్లే కదా, ఇదంతా అవసరమా?

నాలుగేళ్లే కాబట్టి ఇంకా అవసరం. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం ప్రకారం బ్యాచ్‌లో 25 శాతం దాకా రెగ్యులర్ కేడర్‌లోకి తీసుకుంటారు. సెంటర్‌లో మొదలుకుని ఫిజికల్, ఫైరింగ్, డ్రిల్ ఫలితాలు నమోదవుతూ పోతాయి. మూడో ఏట మేల్కొంటే మొదటి రెండేళ్ల రికార్డు మార్చలేరు. బయటికి వచ్చినా పది మందితో సమయానికి పని చేయించగలిగేవాడికి పోలీసు కొలువులోనైనా, సొంత పనిలోనైనా తేడా కనబడుతుంది.

జవాను నుంచి ఆఫీసర్ కావచ్చా?

కావచ్చు. ఆర్మీ క్యాడెట్ కాలేజీ ద్వారా, ఇంటర్ పాసై, కనీసం రెండేళ్ల సర్వీసుతో 20 నుంచి 27 ఏళ్ల మధ్య ఉన్న జవాన్లు ప్రయత్నించవచ్చు. రాతపరీక్ష, ఆ తర్వాత ఐదు రోజుల ఎస్‌ఎస్‌బీ (ఆఫీసర్ల ఎంపిక బోర్డు పరీక్ష). ఎంపికైతే డెహ్రాడూన్‌లో మూడేళ్లు డిగ్రీ, తర్వాత ఐఎంఏలో (ఇండియన్ మిలిటరీ అకాడమీ) ఏడాది శిక్షణ. వయసు దాటినవాళ్లకు స్పెషల్ కమిషన్డ్ ఆఫీసర్ దారి ఉంది. ఎక్కువమందిని ఆపేది ఇంగ్లీషు. రోజూ అరగంట పేపర్ పైకి చదవడం మొదటి సంవత్సరమే మొదలుపెట్టండి.

ఆడపిల్లలకు అవకాశం ఉందా?

కోర్ ఆఫ్ మిలిటరీ పోలీస్‌లో ఉంది. బెంగళూరులో 83 మందితో తొలి మహిళా జవాన్ల బ్యాచ్ 2021 మేలో శిక్షణ ముగించుకుని బయటికొచ్చింది. పైన చెప్పినవన్నీ వాళ్లకూ వర్తిస్తాయి.

చేరకముందే ఊళ్లో ఉండి ఏం చేయవచ్చు?

పరుగు సంగతి ముందు తేల్చుకుందాం. 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగిస్తే 60 మార్కులు, బీమ్ (కడ్డీ పట్టుకుని ఒళ్లు పైకి లేపడం) 10 తీస్తే 40. నాలుగు వందల మీటర్ల ట్రాక్ మీద నాలుగు చుట్లు, చుట్టుకు 82 సెకన్లు. మొదటి చుట్టు 70 సెకన్లలో కొట్టి మూడో చుట్టులో కూలబడేవాళ్లే ఎక్కువ. గుంపు తొక్కిసలాటలో ఆవేశపడకుండా తన వేగం తాను పట్టుకోవడం అలవాటు కావాలి. తారు రోడ్డు మీద రోజూ పరుగెత్తితే ముంగాలి ఎముక నొప్పి పట్టుకుంటుంది. మట్టి నేల చూసుకోండి, వేసవిలో ఏడు లోపే ముగించండి. మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ ఊళ్ల పిల్లలు పళ్లు ముందే డాక్టర్‌కు చూపించుకోవాలి, మెడికల్‌లో కనీసం 14 డెంటల్ పాయింట్లు (పళ్ల లెక్కకు ఇచ్చేవి) చూస్తారు.

ఇక నాయకత్వం. నల్లగొండ ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్‌లోనో, పాలమూరు ఎంవీఎస్ కాలేజీ గ్రౌండ్‌లోనో, మీ ఊరి బడి ముందరో పొద్దున్నే పరుగెత్తే పిల్లలు ఎలాగూ పది మంది దొరుకుతారు. ఆదివారం ఒక పని పెట్టుకోండి. మూడు ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు, రెండు వెదురు బొంగులు, ఒక తాడు. దగ్గరున్న గుట్ట మీదికి చుక్క ఒలకకుండా గంటలో చేర్చాలి, క్యాన్ నేలకు ఆనకూడదు. ప్రతి వారం ఒక కొత్త నాయకుడు. అతను పైన చెప్పిన ఆరు మెట్లలో ఆర్డర్ ఇవ్వాలి, తాను క్యాన్ ముట్టకూడదు. చేతులు ఊరుకోక తానే మోసే నాయకుడికి వెనకాల ఇద్దరు చతికిలబడింది కనబడదు. సగం దారిలో ఒకరు అతన్ని పక్కకు లాగి 'నువ్వు గాయపడ్డావు' అనాలి. అప్పుడు రెండోవాడు ఏం చేస్తాడో చూడండి. దిగాక నీడన కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకోండి. ఏం అనుకున్నాం, ఏం జరిగింది, వచ్చే వారం ఏం మార్చాలి. మనిషిని కాకుండా పనిని విమర్శించండి.

మ్యాప్ కూడా ఇప్పుడే పట్టండి. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 మ్యాప్‌లో 2 సెంటీమీటర్లు ఒక కిలోమీటర్. ఆరంకెల గ్రిడ్ రెఫరెన్స్ చెబితే 100 మీటర్ల గడిలోకి వస్తారు. ముందు పక్కకు, తర్వాత పైకి చదవాలి. తారుమారు చేస్తే దేవరకొండకు పోవాల్సినవాడు ఇంకెక్కడో తేలతాడు. వంద మీటర్లు కొలిచి, మామూలు నడకలో ఎన్ని అడుగులో మూడుసార్లు లెక్కపెట్టి సగటు గుర్తుంచుకోండి. గుట్ట ఎక్కేటప్పుడు, చెలకలో నడిచేటప్పుడు ఆ లెక్క మారుతుంది, అవీ విడిగా రాసుకోండి. కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే తప్పక చేరండి. సెక్షన్ ఫార్మేషన్లు, ఫీల్డ్ సిగ్నల్స్, దూరం అంచనా అక్కడే మొదలవుతాయి, సర్టిఫికెట్‌కు భర్తీలో బోనస్ మార్కులూ ఉన్నాయి.

ఇంటివాళ్లం మేమేం చేయాలి?

అబ్బాయి ఎక్కడ ఉన్నాడో, ఎటు కదులుతున్నాడో ఫోన్‌లో అడగకండి, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. యూనిఫాం ఫొటో ఊరి గ్రూపులో పంచకండి. ఇంట్లో చిన్న గొడవైతే రాత్రి డ్యూటీకి ముందు చెప్పకండి, సెలవు రోజు పగలు చెప్పండి. నిజంగా ఆపద వస్తే దాచకండి. యూనిట్ చిరునామా, అతని ఆర్మీ నంబర్, కంపెనీ పేరు ఒక కాగితం మీద రాసి ఇంట్లో పాసుపుస్తకాలతో పాటు భద్రంగా పెట్టండి. టెలిగ్రామ్ కాలం పోయినా, ఎమర్జెన్సీ సెలవు కోసం ఆసుపత్రి కాగితం గానీ సర్పంచ్, తహసీల్దార్ ధ్రువీకరణ గానీ అడిగే యూనిట్లు ఉన్నాయి, అది ఫొటో తీసి వెంటనే పంపండి.